గొంతు చైనాలో, చూపు సోలాపూర్‌లో

చైనాలో మంచం పట్టి, చావుకు దగ్గరైన ఒక డాక్టరు తన భార్యకు ఇంటిదారి చెబుతుంటాడు. తను ఇక వెళ్లలేడని ఇద్దరికీ తెలుసు. బాబును తీసుకుని మా ఊరు వెళ్లు, ఊరు ఇలా ఉంటుంది, మావాళ్లు ఇలా ఎదురొస్తారు, అమ్మ నిన్ను ఇలా దగ్గరికి తీసుకుంటుంది అని మెల్లగా చెప్పుకుంటూ పోతాడు. తెర మీద మాత్రం మంచం ఉండదు, చైనా ఉండదు. బిడ్డను ఎత్తుకుని ఒక చైనా అమ్మాయి సోలాపూర్‌లోని అత్తవారింటికి వస్తూ ఉంటుంది. చెప్పే మనిషి చైనాలోనే ఉండిపోయాడు. అతను చెప్పిన దారిలో అతని భార్యాబిడ్డలు నడుస్తున్నారు.

వి. శాంతారాం 1946లో తీసిన 'డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ' ముగింపు ఇది. మన దేశంలో సినిమాకు మాట వచ్చి అప్పటికి పదిహేనేళ్లే. ఆనాటి సినిమాల్లో ఎక్కువభాగం, తెర మీద ఎవరు కనిపిస్తే వాళ్ల మాటే వినిపించేది. శాంతారాం ఆ రెంటినీ విడదీశారు. వినిపించేది ఒక దేశం, కనిపించేది మరో దేశం. మధ్యలో ఉన్న వేల మైళ్లనూ యుద్ధాన్నీ మరణాన్నీ చూసేవాడి మనసుకే వదిలేశారు. ఒంటరితనం గురించి సినిమాలు చాలా వచ్చాయి. ఒంటరితనాన్ని ఇంత శుభ్రంగా, ఒక్క పనితనంతో చెప్పిన ఘట్టం నా ఎరుకలో మరొకటి లేదు.

ఆ ఘట్టం విలువ తెలియాలంటే ముందు ఆ మనిషి కథ తెలియాలి. ద్వారకానాథ్ శాంతారాం కోట్నిస్ 1910 అక్టోబర్ 10న సోలాపూర్‌లో పుట్టారు. బొంబాయిలోని సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. 1937లో జపాన్ చైనా మీద విరుచుకుపడింది. గాయపడిన సైనికులకు వైద్యులు కావాలని చైనా సేనాని జనరల్ ఝూ దే నెహ్రూను కోరారు. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న సుభాష్ చంద్రబోస్ విజ్ఞప్తి మీద జూలై 7 నుంచి 9 వరకు దేశమంతటా చందాలు పోగుచేశారు. 22 వేల రూపాయలు వచ్చాయి. అలహాబాద్ నుంచి అటల్, నాగపూర్ నుంచి చోల్కర్, కలకత్తా నుంచి బసు, ముఖర్జీ, సోలాపూర్ నుంచి కోట్నిస్. ఈ ఐదుగురు డాక్టర్లు 1938 సెప్టెంబర్ 1న బొంబాయిలో ఓడ ఎక్కారు. కోట్నిస్‌కు అప్పటికి 28 నిండలేదు.

1939 ఫిబ్రవరికి వాళ్లు యెనాన్ చేరారు. తర్వాత తోటివాళ్లు ఒక్కొక్కరే తిరుగుముఖం పట్టారు. కోట్నిస్ ఉత్తర చైనా కొండప్రాంతాల్లో, యుద్ధం జరుగుతున్న చోటనే ఉండిపోయారు. కెనడా నుంచి వచ్చి అక్కడే పనిచేసిన సర్జన్ నార్మన్ బెథూన్ 1939 నవంబర్‌లో రక్తం విషమై చనిపోయారు. ఆయన పేరిట నడిచిన ఇంటర్నేషనల్ పీస్ హాస్పిటల్‌కు కోట్నిస్ డైరెక్టర్ అయ్యారు. మూడు రోజులు కంటిమీద కునుకు లేకుండా ఆపరేషన్లు చేసిన సందర్భాలు ఉన్నాయి. చైనా భాష నేర్చుకుని ఆ భాషలోనే పాఠాలు చెప్పారు. అక్కడివాళ్లకు ఆయన కే దిహువా. తండ్రి పోయిన కబురు కూడా ఆయనకు అక్కడే అందింది. అయినా పని వదిలి రాలేదు. నర్సింగ్ నేర్పే గువో చింగ్లాన్‌తో 1941 చివర్లో పెళ్లయింది. 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు. ఆ డిసెంబర్ 9న మూర్ఛవ్యాధితో కోట్నిస్ కన్నుమూశారు. వయసు 32.

ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ఈ కథను 'అండ్ వన్ డిడ్ నాట్ కమ్ బ్యాక్' అనే పుస్తకంగా రాశారు. అబ్బాస్, వి.పి. సాఠే కలిసి దాన్ని సినిమాకు మలిచారు. పుస్తకం పేరులోనే ఈ కథ బరువంతా ఉంది. ఐదుగురు వెళ్లారు, ఒకరు రాలేదు. సాహసగాథ రాసేవాడు వెళ్లడం దగ్గర మొదలుపెడతాడు. అబ్బాస్ రాకపోవడం దగ్గర మొదలుపెట్టారు. సినిమా నడక కూడా అక్కడి నుంచే తయారైంది.

ఆ నడకను కాస్త దగ్గరగా చూద్దాం. సినిమా యుద్ధంతో మొదలుకాదు, ఇంటితో మొదలవుతుంది. చదువు ముగించుకున్న కొడుకు సోలాపూర్ వస్తాడు. అతని కోసం ఇంటివాళ్లు ఒక బతుకు ఊహించి పెట్టుకున్నారు. కొడుకు మాత్రం చైనా వెళ్తానంటాడు. తండ్రి పాత్రలో కేశవరావ్ దాతే. 1937లో శాంతారాం తీసిన 'కుంకూ'లో ముసలి భర్తగా వేసి మెప్పించిన గొప్ప నటుడు. ఆశ, గర్వం, భయం, ఈ మూడూ ఒకేసారి మొహంలో పలికించగలిగినవాడు కావాలని శాంతారాం ఆయన్ను ఎంచుకున్నట్టు తోస్తుంది. ఇంటిని మొదట్లోనే ఇంత శ్రద్ధగా చూపించడానికి కారణం చివర్లో కానీ అర్థం కాదు. మొదట మనం చూసిన ఆ ఇంటినే చావుబతుకుల్లో ఉన్న మనిషి గుర్తుచేసుకుంటాడు. అతను దాన్ని వర్ణిస్తున్నప్పుడు మనకది కొత్త కాదు. అతనితోపాటు మనమూ గుర్తుచేసుకుంటాం. చూసేవాడికి జ్ఞాపకం కల్పించి, ఆ జ్ఞాపకాన్నే తర్వాత వాడుకోవడం స్క్రీన్‌ప్లే రచనలో అసలైన నేర్పు. అబ్బాస్, సాఠేల జంట ఆ నేర్పును పూర్తిగా చూపింది.

సినిమాలో చైనా నిజం చైనా కాదు. శాంతారాం ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ నుంచి బయటికొచ్చి 1942లో బొంబాయిలోని పరేల్‌లో నెలకొల్పిన రాజ్‌కమల్ కళామందిర్ పనివాళ్లు కట్టిన చైనా. యుద్ధకాలంలో ముడి ఫిల్ము దొరకడమే గగనం. ప్రభుత్వం లైసెన్సు ఇస్తేనే ఫిల్ము, అదీ కొలిచి ఇచ్చేది. యుద్ధానికి తోడ్పడే సినిమాలు తీయమని నిర్మాతల మీద ఒత్తిడి కూడా ఉండేది. జపాన్‌తో పోరాడిన వైద్యుడి కథ ఆ షరతుకు సరిపోయింది. అదే కథ కాంగ్రెస్ పంపిన వైద్యుడిది, స్వాతంత్ర్యం కోరే దేశం మరో దేశపు స్వాతంత్ర్యానికి చేయిచ్చిన కథ. పాలకులు అడిగింది ఇస్తూనే తను చెప్పదలచుకున్నది చెప్పగలిగే కథను ఎంచుకోవడం కూడా పనితనమే. బొంబాయిలో నావికుల తిరుగుబాటు జరిగిన ఏడాదే ఈ సినిమా జనం ముందుకు వచ్చింది. పరాయి నేల కోసం ప్రాణమిచ్చిన మనిషిలో ఆనాటి ప్రేక్షకుడికి తన దేశం కనబడి ఉంటుంది.

కెమెరా వి. అవధూత్‌ది, సంగీతం వసంత్ దేశాయ్‌ది, పాటలు దీవాన్ షరార్‌వి. ఆ షరారే డాక్టర్ అటల్ పాత్ర కూడా వేశారు. జనరల్ ఫాంగ్‌గా బాబూరావ్ పెంఢార్కర్. కోట్నిస్‌గా శాంతారామే, చింగ్లాన్‌గా ఆయన భార్య జయశ్రీ. పాత్రకు 28 ఏళ్లయితే, నటుడికి 44 దాటాయి. మరొకరైతే వయసు కప్పిపుచ్చడానికి హుషారు నటించేవారు. శాంతారాం ఆ పని చేయలేదు. పనిలో మునిగిన మనిషికి ఉండే నిదానాన్ని నటించారు. ఆ నిదానమే చివర్లో ఆ గొంతుకు పనికొచ్చింది. వెళ్లిపోయేవాడి గొంతులో ఏడుపు లేదు. ఉన్నవాళ్లకు దారి చెప్పాల్సిన బాధ్యత ఉంది. జయశ్రీ మాట్లాడకుండా నడిచేటప్పుడు మరీ బాగుంటుంది. కొత్త ఊళ్లో అడుగుపెట్టే కోడలి బెరుకు, వెంట లేని మనిషి చెప్పినట్టే అన్నీ జరుగుతున్నాయన్న ఆశ్చర్యం, రెండూ ఆమె చూపులోనే ఉంటాయి.

శాంతారాం చెవి గురించి ఒక మాట చెప్పాలి. 'కుంకూ'లో ఆయన నేపథ్య సంగీతమే వాడలేదు. ఇంట్లో సహజంగా వినిపించే చప్పుళ్లతోనే సినిమా నడిపారు. సినిమాలో శబ్దమంటే బొమ్మ వెనక పరిచే దుప్పటి కాదని, బొమ్మతో సమానంగా కథ చెప్పే రెండో మనిషని తొమ్మిదేళ్ల ముందే గ్రహించిన దర్శకుడాయన. 'అమర్ కహానీ' ముగింపు ఆ గ్రహింపుకు పండిన ఫలం.

స్నేహం గురించి ఆయన ఆలోచన కూడా అప్పటికప్పుడు పుట్టింది కాదు. 1941లో ఆయన తీసిన 'పడోసీ' ఇరుగుపొరుగు హిందూ ముస్లిం మిత్రుల కథ. అందులో హిందువు పాత్రను మజహర్ ఖాన్, ముస్లిం పాత్రను గజానన్ జాగీర్దార్ వేశారు. ఒకరి బతుకులో మరొకరు నిలబడి చూస్తేనే స్నేహం తెలుస్తుందన్న నమ్మకం ఆ ఎంపికలో ఉంది. 'అమర్ కహానీ'లో ఆ నమ్మకం దేశాల హద్దు దాటింది. కోట్నిస్ చైనావాళ్లకు ఉపకారం చేయడానికి వెళ్లిన పెద్దమనిషిలా కనిపించడు. వాళ్ల తిండి, వాళ్ల భాష, వాళ్ల అపాయం అన్నీ తనవి చేసుకుంటాడు. అతని ఒంటరితనాన్ని పోగొట్టింది బొంబాయి నుంచి వచ్చిన ఉత్తరాలు కావు, పక్కనున్న మనుషులు. చివర్లో ఆ లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు పరాయి దేశానికి వెళ్లాల్సింది చింగ్లాన్. తనకు ఆమె ఊరు ఎలా సొంతమైందో, ఆమెకు తన ఊరు అలా సొంతం కావాలి. అందుకే ఆ దారి అంత వివరంగా చెప్పడం. పరాయి ఊళ్లో మనిషికి మొట్టమొదట కావలసింది ఏమిటో పరాయి ఊళ్లో బతికినవాడికే తెలుస్తుంది.

సోలాపూర్ చద్దరును చేతిలోకి తీసుకుని తిప్పి చూసినవాళ్లకు ఈ ముగింపు కట్టడి వెంటనే అర్థమవుతుంది. జకార్డ్ మీద నేసిన ఆ చద్దరులో ఒకవైపు ఏ నెమలి ఉందో రెండోవైపూ అదే నెమలి ఉంటుంది. రంగులే తారుమారవుతాయి. ఇటు నేల రంగు అటు నెమలి రంగు, ఇటు నెమలి రంగు అటు నేల రంగు. రెండు పొరలు ఒకేసారి నేస్తేనే అది సాధ్యం. శాంతారాం ముగింపు అలాంటి నేత. సోలాపూర్ కుర్రాడు చైనాలో సొంతమనిషి కావడం ఒక ముఖమైతే, చైనా అమ్మాయి సోలాపూర్‌లో సొంతమనిషి కావడం రెండో ముఖం. బొమ్మ ఒక్కటే.

లోపాలు లేవని కాదు. కోట్నిస్ ఒక మహమ్మారిని అరికట్టే పనిలో ఆ వ్యాధే తగిలి పోయినట్టు సినిమా చూపిస్తుంది. అసలు జరిగింది అది కాదు. జనరల్ ఫాంగ్ కల్పించిన పాత్ర. జపాన్ సైనికులు మనుషుల్లా కాక దుర్మార్గుల బొమ్మల్లా కనిపిస్తారు. చైనా మొహాల కోసం వేసిన మేకప్ నేటి కంటికి ఇబ్బందిగా ఉంటుంది. కానీ ఈ కల్పనలన్నిటిలో ఒక కల్పన మాత్రం చరిత్రకంటే ముందు నడిచింది. సినిమా తీసేనాటికి గువో చింగ్లాన్ సోలాపూర్ చూడలేదు. చైనాలో అంతర్యుద్ధం నడుస్తోంది. ఆమె రాక అప్పటికి కేవలం ఒక ఊహ. సినిమా కూడా దాన్ని జరిగిన సంగతిగా చెప్పకుండా, పోతున్న మనిషి ఊహగానే నిజాయితీగా చూపింది. తర్వాతి ఏళ్లలో ఆమె నిజంగానే భారతదేశం వచ్చారు, కోట్నిస్ కుటుంబాన్ని కలిశారు. కొడుకు మాత్రం 1967లో చిన్నవయసులోనే పోయాడు. ఆమె 2012 వరకు బతికారు. ఈ సంగతులు తెలిసి మళ్లీ చూస్తే ఆ ముగింపు బరువు ఇంకా పెరుగుతుంది.

ఈ సినిమాను సోలాపూర్ తెలుగువాళ్లు తమ సినిమాగా చూడాలని నా కోరిక. ఊరికి తూర్పున అశోక్ చౌక్, దత్తనగర్, మార్కండేయ మందిరం చుట్టూ, విడి ఘర్‌కుల్ దాకా విస్తరించిన పద్మశాలి బస్తీలు వలసతో పుట్టినవి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మగ్గం తిండిపెట్టక, నైజాం దాటి ఈ మిల్లుల ఊరికి వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు ఇక్కడివాళ్లు. 1877లో మొదటి పెద్ద మిల్లు వచ్చినప్పటి నుంచి భోంగా, అంటే మిల్లు సైరన్, మోతతో నిద్రలేచిన ఊరు ఇది. మగవాళ్లు మగ్గాల మీద, తర్వాత పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు, టవళ్లు నేశారు. ఆడవాళ్లు ఇంటి గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టారు. సోలాపూర్‌లో పుట్టి సోలాపూర్‌లోనే ముసలైనవాళ్లు కూడా, మీదే ఊరని అడిగితే, కరీంనగర్ దిక్కనో పాలమూరు దిక్కనో చెబుతారు. చూడని ఊరిని అమ్మానాన్నల మాటల్లోనే చూసినవాళ్లు వీళ్లు. వెళ్లలేని మనిషి చెబితే విని, ఊరిని కళ్లకు కట్టించుకోవడం ఇక్కడ ప్రతి ఇంట్లో జరిగిన పని. అదే పనిని శాంతారాం సినిమా భాషలో చేశారు.

కోట్నిస్ కథ వలస కథ కాదన్నది నిజమే. ఆయన ఆకలితో వెళ్లలేదు, ఆశయంతో వెళ్లారు. కానీ వెళ్లినచోట వేళ్లూనడంలో తేడా లేదు. మరాఠీ నేర్చుకుని, మరాఠీ పొరుగువాళ్లతో పెళ్లిళ్లకూ చావులకూ కలిసి నిలబడి, శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం లాగుతూ, ఇంట్లో తెలుగు వదలకుండా బతికిన ఈ బస్తీలకు ఆ వేళ్లూనడం ఎంత కష్టమో, ఎంత గౌరవమో బాగా తెలుసు. పరాయి చోట స్నేహం చేయడమంటే మన భాషను వదులుకోవడం కాదు, వాళ్ల భాషనూ మోయడం. కోట్నిస్ ఆ పనే చేశారు. మన తాతలూ అదే చేశారు.

ఈ ఊరికి స్మరించుకోవడం కొత్త కాదు. గాంధీజీ అరెస్టు తర్వాత 1930 మేలో మిల్లు కార్మికులతో సహా ఊరు తిరగబడితే, మే 12న బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ మార్షల్ లా పెట్టింది. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, శ్రీకిసన్ సార్దా, జగన్నాథ్ షిండేలను 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీశారు. ఆ నలుగురి విగ్రహాలు ఉన్న చార్ హుతాత్మా చౌక్‌లో ఏటా ఆ రోజున పూలమాలలు పడతాయి. ఊరు రగిలిన 1930 మేలో కోట్నిస్‌కు 19 ఏళ్లు. అక్టోబర్ 10న ఆయన జయంతి, డిసెంబర్ 9న వర్ధంతి. ఆయన ఇల్లు ఇప్పుడు స్మారకం. చైనాలో షిజియాఝువాంగ్‌లో ఆయన సమాధి, విగ్రహం ఉన్నాయి. చైనా 1982లో, 1992లో, భారతదేశం 1993లో ఆయన పేర తపాలా బిళ్లలు వేశాయి. చైనా పెద్దలు మన దేశం వచ్చినప్పుడు ఆయన కుటుంబాన్ని కలవడం ఒక సంప్రదాయమైంది.

ఇవన్నీ కావలసినవే. వీటివల్లే తేదీలు మరిచిపోకుండా ఉంటాం. కానీ జయంతి వర్ధంతులు ఒక మనిషి చేసిన పనినే గుర్తుచేస్తాయి. ఆ పని చేస్తూ అతను మోసిన దూరాన్ని గుర్తుచేయలేవు. అన్ని ఆపరేషన్లు చేశాడు, ఇన్ని రోజులు నిద్రపోలేదు అని ఉపన్యాసంలో చెప్పవచ్చు. పొద్దుగూకాక తన భాషలో పలకరించే మనిషి లేని చోట అతనికి ఏం గుర్తొచ్చి ఉంటుందో ఉపన్యాసం చెప్పలేదు. తపాలా బిళ్ల మీద మొహం ఉంటుంది, గొంతు ఉండదు. ఈ సినిమా ఆ గొంతును ఊహించి ఇచ్చింది. అది నిజం కోట్నిస్ గొంతు కాదు, ఆ మాటలు అబ్బాస్, సాఠేలు కల్పించినవి, పలికింది శాంతారాం. అయినా ఒక మనిషి ఇంటికి దూరంగా పోయాడన్న నిజాన్ని ఏ శిలాఫలకం కన్నా ఎక్కువగా నిలబెట్టేది ఆ కల్పనే.

ఈ సినిమాకు 'ది జర్నీ ఆఫ్ డాక్టర్ కోట్నిస్' పేరుతో ఇంగ్లీషు రూపం కూడా శాంతారామే తీశారు. ఒక కథను రెండు భాషల వాళ్లకు చేర్చాలని 1946లోనే అనుకున్న మనిషి సినిమాను, కోట్నిస్ పుట్టిన ఊళ్లో ఇంతమంది మాట్లాడే భాషలోకి కూడా చేర్చాలి. 2026 నాటికి దీనికి 80 ఏళ్లు. పద్మశాలి విద్యాసంస్థలకు బళ్లు ఉన్నాయి, హాళ్లు ఉన్నాయి, తెలుగు చెప్పే పంతుళ్లు ఉన్నారు. డిసెంబర్ 9న పూలమాల వేసి ఊరుకోకుండా, సాయంత్రం పూట ఈ సినిమా వేసి, ముందు పది నిమిషాలు తెలుగులో కథ చెప్పి, చివరి ఘట్టం దగ్గర ఎవరూ మాట్లాడకుండా చూపించాలి. గల్ఫ్‌కో, అమెరికాకో, పుణెకో పిల్లల్ని పంపిన తల్లులు ఈ బస్తీల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ ముగింపును ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చూసి వెళ్లే పిల్లలకు మాత్రం ఒక సంగతి తప్పక తెలుస్తుంది. వాళ్ల ఊరి కుర్రాడు ఎంతో దూరం వెళ్లి, అక్కడివాళ్లకు సొంతవాడై, పోతూ పోతూ కూడా తనవాళ్లకు ఇంటి దారి చెప్పడం మరిచిపోలేదని. జయంతి సభలు నేర్పలేని ఈ పాఠం కోసమైనా ఆ సినిమాను వాళ్ల ముందు పెట్టాల్సిన బాధ్యత మనదే.